మా నాయన కొనని మూడు రోజులు

మా నాయన నెలలో మూడు రోజులు సరుకు కొనేవాడు కాదు. డోన్‌లో స్టేషన్ రోడ్డు వెనకాల మాకు శెనక్కాయల మండీ ఉండేది. ముందు అంగడి, నడుమ గోడౌను, వెనక ఇల్లు. పల్లెల నుంచి రైతులు సంచులు తెచ్చి దింపితే మా నాయన మచ్చు చూసేవాడు. మచ్చంటే సంచిలోంచి తీసిన పిడికెడు కాయలు. అవి బాగుంటే సరుకు పట్టేవాడు, లేకుంటే తిప్పి పంపేవాడు. ఆ మూడు రోజులు మాత్రం ఎంత మంచి కాయ వచ్చినా "ఈ పొద్దు కాదులేప్పా, నాలుగో నాడు రా" అనేవాడు. అంగడి తెరిచే ఉండేది, ఊదుబత్తీలు వెలిగేవి, వచ్చినవాళ్ళకు టీ తెప్పించేవాడు. చెయ్యి మాత్రం సంచిలో పెట్టేవాడు కాదు.

బజారంతా దీన్ని గొప్పగా చెప్పుకునేది. పంచాంగం చూసి నడిచే మనిషి అనేవాళ్ళు. ఆ మూడు రోజులు ఒక నెల చవితికి మొదలయ్యేవి, ఇంకో నెల దశమికి, మరో నెల అమావాస్య దాటినాక. ఏ తిథికీ అందని లెక్క. అందనందుకే గౌరవం ఇంకా పెరిగింది. ఏదో గుప్తమైన విద్య ఉంది, ఎవరికీ చెప్పడు అనుకున్నారు. ఎదురు మండీ ఆయనైతే మా నాయన కొనడం మానిన పొద్దే తానూ మానేవాడు. పొద్దున్నే పనిమనిషిని పంపి "ఈ పొద్దు పడతాండారా లేదా?" అని అడిగించేవాడు. సంచులేసుకుని వచ్చిన రైతులు రెండు గడపలూ ఎక్కి దిగి, ట్రాక్టరు బాడుగ మళ్ళీ పెట్టుకుని ఇంటికి పోయేవాళ్ళు. వాళ్ళకు కూడా కోపం వచ్చేది కాదు. పెద్దమనిషి పట్టింపు అనుకునేవాళ్ళు.

ఇది రాస్తుంటే నాకు నవ్వు రావాలి. రావడం లేదు. నలభై రెండేళ్ళు దాటిన మనిషిని, కడపలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను, బీపీ మాత్రలు వేసుకుంటాను, ఇంత కోపం ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టరు చెప్పింది. అయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మా నాయన మీద, మా తమ్ముడి మీద, మా బజారు మీద, అందరికంటే ఎక్కువగా మా అమ్మ మీద. ఆ తర్వాత నా మీద.

మచ్చు చూడటంలో మా నాయనంతటివాడు లేడని చుట్టుపక్కల పేరు. ఒకసారి వ్యాపారస్తులంతా చేరి ఆయనకు శాలువా కప్పినారు. ఆ చేతిలో మహిమ ఉందని ఒకాయన మైకులో చెప్పినాడు. మా నాయన ఆ చెయ్యి ఎత్తి అందరికీ దండం పెట్టినాడు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టినాను. అమ్మ ఆ సభకు రాలేదు. వచ్చినవాళ్ళకు ఇవ్వాలని ఇంట్లో లడ్లు చుడుతూ ఉండింది.

ఇప్పుడు ఇంటి లోపల ఏం జరిగేదో చెబుతాను. రైతు సంచి విప్పగానే మా నాయన పిడికెడు కాయలు తీసి, నొసలు ముడిచి, ఒక కాయ పగలగొట్టి, ఇంకోటి చెవి దగ్గర ఆడించి చూసేవాడు. చూసేవాళ్ళకు అంతా ఘనంగానే కనిపించేది. తర్వాత "గొంతెండిపోయిందప్పా, నీళ్ళు తాగొస్తా" అని లేచేవాడు. ఆ పిడికెడు తువ్వాలు కొసన మూట కట్టుకుని గోడౌను దాటి వంటింటి గడప దగ్గరికి వచ్చేవాడు. నేను నడిమింట్లో పుస్తకాలు ముందేసుకుని కూర్చునుండేదాన్ని. నా పక్కనుంచే పోయేవాడు. రోజుకు పది సార్లు, పదిహేను సార్లు. కారు రోజుల్లో, అంటే పంట ఇంటికొచ్చే కాలంలో, అంతకంటే ఎక్కువ. మా నాయనకు ఇంత దప్పికేందని మా తమ్ముడు ఒకసారి అడిగినాడు కూడా.

అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆ మూట తీసుకునేది. కాయ ఒలిచి, విత్తనాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దేది. మంచి సరుకైతే ఆ బొటనవేలు ఆగకుండా పోయేది. లోపల తేమ ఉంటే, వానకు తడిసి మళ్ళీ ఎండబెట్టిన కాయైతే, ఎవరైనా బరువు కోసం నీళ్ళు చల్లి ఉంటే, ఆ వేలు ఒక్క క్షణం ఆగేది. తర్వాత పంటికింద ఒక విత్తనం. అంతే. పొయ్యి మీద పాలు పొంగేలోపల అయిపోయేది.

"ఎట్లుండాది?" అనేవాడు మా నాయన.

అమ్మ ఒక్కసారి కూడా "మంచిది" అనలేదు, "వద్దు" అనలేదు. "పోయిన కారులో మీరే అంటిరి గదా, వాన తాకిన కాయకు తొక్క వదలదు, పట్టొద్దని" అనేది. లేదా "మొన్న మీరు చెప్పినట్టే ఉండాది ఇది, గట్టి కాయ" అనేది. మా నాయన పోయిన కారులోనూ అనలేదు, మొన్నా చెప్పలేదు. నేను ఆ ఇంట్లోనే ఉండినాను, నాకు తెలుసు. ఆయన మాత్రం "ఊఁ, అంటి గదా" అని తల ఊపి, చెంబు ఎత్తి రెండు గుక్కలు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంటూ అంగట్లోకి పోయి తీర్పు చెప్పేవాడు. అమ్మ చెప్పిన మాటలే. ఒక్క అక్షరం మార్చకుండా.

అట్లా మా అమ్మ రోజుకు పదిసార్లు మా నాయనకు మాటలు అల్లి ఇచ్చింది. ముప్ఫై ఏండ్లకు పైగా. మొదట్లో ఆ మాటలు తనవేనని ఆమెకు తెలిసే ఉంటుంది. మొగుడి మర్యాద కోసం అట్లా చెప్పింటుంది. ఎప్పుడో ఒకనాడు ఆమే నమ్మేసింది. ఈ మనిషికి అన్నీ తెలుసు, నేను ఊరికే గుర్తు చేస్తాండా, అంతే అనుకుంది. అది ఏ ఏట జరిగిందో నాకు తెలిస్తే ఆ ఏడు మీద పడి ఏడ్చేదాన్ని.

ఆమెకు ఆ విద్య ఎక్కడిదని ఎవరూ అడగలేదు. వేంపల్లెలో మా తాతకు నూనె గానుగ ఉండేది. గానుగ ముందర కళ్ళంలో విత్తనాలు ఏరే కూలీ ఆడవాళ్ళ మధ్య మా అమ్మ ఆరేళ్ళప్పటి నుంచి కూర్చునింది. చెడ్డ విత్తనం గానుగలో పడితే నూనంతా కనరు వాసన వస్తుంది. అందుకని ఆ ఆడవాళ్ళ వేళ్ళు తప్పు చేయకూడదు. మా అమ్మ వేళ్ళకు ఆ భయం అప్పుడే పట్టుకుంది. పెండ్లయ్యేదాకా, అంటే పదహారు నిండేదాకా, ఆమె అక్కడే ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను పుట్టేటప్పుడు అమ్మ పురిటికి వేంపల్లె పోయి అయిదు నెలలు అక్కడే ఉండింది. ఆ అయిదు నెలలు మా నాయన తనంతట తనే సరుకు పట్టి, గోడౌను నిండా బూజు పట్టించినాడు. నేను పుట్టిన వేళ మంచిది కాదని మా అవ్వ, అంటే మా నాయనమ్మ, తేల్చేసింది. చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటూనే పెరిగినాను. తమ్ముడు కడుపులో పడేనాటికి వేంపల్లె అమ్మమ్మ పోయింది. అందుకని అమ్మ డోన్‌లోనే ఉండిపోయింది. ఆ తొమ్మిది నెలలూ మా నాయన ఒక్కరోజు కూడా ఆపకుండా కొన్నాడు, పట్టిన సరుకంతా బంగారమైంది. కొడుకు కడుపులో పడిన వేళావిశేషం అన్నారు. వాడి మొలతాడుకు వెండి బిళ్ళ కట్టినారు. నాకు అక్షింతలు తప్ప ఏమీ లేవు, అవి కూడా తిట్ల రూపంలో.

ఇన్ని కళ్ళ ముందు జరిగినా పదో తరగతి పరీక్ష ఫారంలో తండ్రి వృత్తి అన్న చోట వ్యాపారం అని, తల్లి వృత్తి అన్న చోట "ఏమీ లేదు" అని నా చేత్తోనే రాసినాను. గుండ్రటి అక్షరాలతో రాసినాను. నా రాత బాగుందని మా సారు ఆ ఫారం క్లాసులో అందరికీ చూపించినాడు.

పెండ్లై కడపకు వచ్చినాక ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది. ఆ మాటా ఈ మాటా అయినాక, "నాకు నెల నిలిచిపోయిందే, మూడు నెలలాయ" అంది. ఆ వయసుకు మామూలేలే, ఎముకలకు మాత్రలు వేసుకో అన్నాను. అదే ఫోన్లో, అయిదు నిముషాలు కూడా కాలేదు, "మీ నాయనకు ఆ మూడు రోజుల పీడ వదిలిందే. ఇప్పుడు నెలంతా కొంటాండాడు. పూజ చేయించినాము, బజారంతా పులిహోర పంచినాము" అంది. ఎదురు మండీ ఆయన కూడా మొక్కు తీర్చుకున్నాడట.

"అట్లనా, మంచిదే" అని ఫోన్ పెట్టేసినాను. నేను లెక్కల టీచర్ని. రెండు వరసల అంకెలు బోర్డు మీద రాసి, వీటికి సంబంధం ఏమిటో కనుక్కోండి అని పిల్లల్ని రోజూ నిలబెట్టి అడుగుతాను. చెప్పలేని పిల్లల్ని కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావని కసురుతాను.

రెండేండ్ల కింద మా నాయన అంగట్లోనే, కూర్చున్న పరుపు మీదే ఒరిగిపోయినాడు. గుండె. మంచి చావు అన్నారు. బజారు ఒక పూట మూసినారు. తర్వాత తమ్ముడు కూర్చున్నాడు. వాడు చెడ్డవాడు కాదు, కష్టపడతాడు. తేమ చూసే మిషను కొన్నాడు. సంచి పైన తీసిన గింజలకు మిషను ఒక అంకె చూపించేది, సంచి అడుగున ఇంకోటి ఉండేది. ఆ వ్యాపారంలో దగా చేసేవాళ్ళకు మిషనంటే భయం లేదు. ఆరు నెలలు తిరక్కుండానే గోడౌనులో మూడు లాట్లు లోపల నల్లబడినాయి. నాయనతోనే ఆ చేతి మహిమ పోయిందని తమ్ముడు ఏడ్చినాడు. వాడు ఎప్పుడూ నీళ్ళకని లోపలికి పోలేదు. వాడికి దప్పిక కాలేదు మరి.

అమ్మ ఆ గోడౌను పక్కనే పడుకునేది. కాయ చెడే వాసన నాకే గడపలో కాలు పెట్టగానే తగిలింది. ఆమెకు తెలియదా? తెలిసింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది, నేను చూసినాను. నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదు. మగపిల్లోడు కూర్చున్నాడు, వాడు చూసుకుంటాడు అనేది.

నాయన తిథికని డోన్ పోయినప్పుడు అటక మీద పాత క్యాలెండర్లు దొరికినాయి. మా ఇంట్లో కాగితం పారేయడం లేదు, వెనక్కు తిప్పి పొట్లాలు కడతాము. కట్ట విప్పితే అంగడి క్యాలెండర్లు కొన్ని, వంటింటి క్యాలెండర్లు కొన్ని. అంగడి వాటిలో నెలకు మూడు గడుల మీద మా నాయన ఎర్ర పెన్నుతో అడ్డగీతలు పెట్టుకున్నాడు, కొనని రోజులని. వంటింటి వాటిలో నెలకొక గడిలో కుంకం చుక్క ఉంది. అది అమ్మ పెట్టుకున్నది. ఆడవాళ్ళు ఎందుకు పెట్టుకుంటారో నాకు తెలుసు, నేనూ పెట్టుకుంటాను. ఊరికే, ఏమీ అనుకోకుండా, ఒకే ఏడాదివి రెండూ పక్కపక్కన పరిచినాను.

చుక్క ఉన్న చోటనే గీతలు మొదలైనాయి. ప్రతి నెలా. ఇంకో ఏడాదివి తీసినాను. అదీ అంతే.

మా ఇంట్లో ముట్టు పట్టింపు గట్టిగా ఉండేది. ఆ మూడు రోజులు అమ్మ పెరటి వసారాలో చాప మీద కూర్చునేది. తట్ట వేరే, గ్లాసు వేరే. దేనినీ తాకకూడదు, అందులోనూ వ్యాపారం సరుకు. తాకితే లక్ష్మి వెళ్ళిపోతుందని అవ్వ కట్టిన కట్టు, అవ్వ పోయినా పోలేదు. కాబట్టి ఆ మూడు రోజులు మా నాయన తువ్వాలు కొసన మూట కట్టుకుని వంటింట్లోకి వస్తే అక్కడ మనిషి లేదు. పిడికెడు కాయలు ఎవరి చేతిలో పెట్టాలి? అందుకని కొనలేదు. పంచాంగమూ కాదు, గుప్త విద్యా కాదు. మా అమ్మ చాప మీద కూర్చుంటే డోన్‌లో రెండు మండీలు కొనడం మానేసినాయి.

అటక కింద నేలమీద కూర్చుని నేను గట్టిగా అరిచినాను. ఏమని అరిచినానో గుర్తు లేదు. మా నాయన తెలిసే చేసినాడా, తెలియక చేసినాడా? తెలిసి చేసింటే దొంగ. తెలియక చేసింటే అంతకంటే కనికరం లేనివాడు. తిథి నాడు తండ్రిని ఇట్లా అనకూడదంటారు. అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆ సాయంత్రమే నడిమింట్లో పెద్దలు కూర్చున్నారు. మా పెద్దనాయన, తమ్ముడు, నేను. అమ్మ వంటింటి గడపకు ఆనుకుని నిలబడింది. మండీ ఎత్తేసి ఎర్రగుంట్ల సిమెంటుకు ఏజెన్సీ తీసుకోవాలని పెద్దనాయన అప్పటికే అనుకునేసినాడు.

"సిమెంటుకు మచ్చు చూసే పని లేదప్పా. సంచి మూతి కుట్టి వస్తాది, అట్లనే అమ్ముకోవచ్చు" అన్నాడు.

"మచ్చు అమ్మ చూస్తుంది. మండీ ఎత్తేయొద్దు" అన్నాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తువ్వాలు మూట, నీళ్ళ చెంబు, అన్నీ చెప్పినాను. క్యాలెండర్ల సంగతి చెప్పలేదు. ముట్టు మాట పెద్దనాయన ముందర నా నోటికి రాలేదు. అంత కోపంలోనూ రాలేదు. నేనూ ఆ ఇంట్లో పెరిగినదాన్నే మరి. పెద్దనాయన నవ్వినాడు. "చదువుకున్న పిల్లవి, ఏమమ్మా ఇట్ల మాట్లాడతాండావు?" అన్నాడు. అప్పుడు అమ్మ గడప దాటి వచ్చింది. నా జన్మలో ఆమె గొంతు అంత పైకి లేవడం వినలేదు.

"నోరు మూసుకో! పోయినాయన మీద అబద్ధాలు చెప్తాండావా? నాకేం తెలుసు? నేనేంది, మచ్చు చూసేదేంది? ఆయప్ప చెప్పింది వింటి, అంతే!"

నేను లేచి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గోడౌనులోకి పోయినాను. రెండు పళ్ళేలు తీసుకుని, ఒకదాంట్లో తమ్ముడు కొత్తగా మోసపోయిన, ఇంకా నల్లబడని లాటు నుంచి పిడికెడు, ఇంకోదాంట్లో మా దూరపు బంధువు వెల్దుర్తి నుంచి తెచ్చిపెట్టిన మంచి కాయ పిడికెడు పోసినాను. పైకి రెండూ ఒకేలా ఉన్నాయి. చెడింది ఏదో నాకూ తమ్ముడికీ మాత్రమే తెలుసు. తెచ్చి అమ్మ ముందర పెట్టినాను. "వీటిలో ఏది పట్టాలో చెప్పు. తప్పు చెబితే నేను ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను" అన్నాను.

ఆమె ఒక్క మాట నిజం చెబితే ఆ అంగడి ఆమెది. ఆ పరుపు మీద, ఆ ఇనప్పెట్టె పక్కన, అందరికీ కనిపించేటట్టు కూర్చోవచ్చు. అంతకంటే ఇంకేమీ కోరలేదు నేను.

ఆమె వంగి మొదటి పళ్ళెంలో కాయ ఒలిచింది. విత్తనం రుద్దింది. బొటనవేలు ఆగింది. నేను చూసినాను. చిన్నప్పుడు వెయ్యిసార్లు చూసిన ఆగడమే. రెండో పళ్ళెంలోది రుద్దింది. వేలు ఆగకుండా పోయింది. ఆమె మొదటి పళ్ళెం ముందుకు తోసింది.

"ఇదే బాగుండాది" అంది.

తమ్ముడు తల వంచుకున్నాడు. పెద్దనాయన "సరేనా అమ్మా?" అని నన్నడిగినాడు, మెత్తగానే. తెలియనివాళ్ళకు సగం సార్లైనా సరైనది తగులుతుంది. ఆమె తెలిసి, వేలితో పట్టుకుని, ఏరి మరీ తప్పు చెప్పింది. అంత నేర్పు ఆ బజారులో ఇంకెవరికీ లేదు. ఆ నేర్పంతా తనకేమీ రాదని చూపించడానికి వాడింది.

అంగడి ముందర సిమెంటు బోర్డు పెట్టినారు. ఏడాది పాటు నేను అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. బాగుండావా, మాత్రలేసుకున్నావా, అంతే. ఎదురు మండీ ఆయన కూడా సిమెంటు పెడదామా అని ఆలోచిస్తున్నాడని తమ్ముడు చెప్పినాడు. ఆ ఇంట్లో అమ్మకు రోజంతా చేసే పని లేకుండా పోయింది. సిమెంటు దుమ్ము వంటింటి దాకా వస్తుంది, దులుపుతూ ఉంటుంది.

పోయిన నెల అమ్మ కడపకు నా దగ్గరికి వచ్చింది. చట్నీకని నేను సూపర్ మార్కెట్లో విత్తనాల ప్యాకెట్టు తెచ్చి పళ్ళెంలో పోసినాను. అమ్మ నేలమీద కూర్చుని నా కూతురు చదువు గురించి అడుగుతూ పళ్ళెం ముందుకు లాక్కుంది. ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. వేళ్ళు మాత్రం పళ్ళెంలో తిరుగుతున్నాయి. మధ్యమధ్యలో ఒక విత్తనాన్ని పక్కకు వేస్తున్నాయి.

"ఎందుకు తీసేస్తున్నావు?" అన్నాను.

"పాత సరుకు. తడిసినవి కలిపినారు. మీ నాయన చెప్పేటోడు గదా, నున్నగా మెరిస్తే నమ్మొద్దని."

నేను ఆగలేకపోయినాను. బీరువా తెరిచి, డోన్ నుంచి తెచ్చి దాచిన క్యాలెండర్లు తీసి ఆమె ముందు పరిచినాను. చుక్క చూపించినాను, గీత చూపించినాను. నెల తర్వాత నెల, వేలు పెట్టి చూపించినాను. బోర్డు ముందు ఎట్లా చెబుతానో అట్లా, ఒక్క మెట్టు కూడా వదలకుండా చెప్పినాను. "నువ్వు కూర్చున్న రోజే ఆయన కొనలేదు. నీకు నెల నిలిచినాక ఒక్కరోజు కూడా ఆపలేదు. చూడు. నీ కళ్ళతోనే చూడు" అన్నాను.

అమ్మ కళ్ళద్దాలు తెప్పించుకుంది. ఒక్కో నెలా చూసింది. చుక్కల మీద వేలు పెట్టింది, తర్వాత గీతల మీద పెట్టింది. ఆమె మొహం మారింది. అర్థమైంది.

"నాకు అప్పుడే అనుమానముండె" అంది మెల్లగా.

"ఏమని?"

"మా అత్త ఒకసారి అన్నింది. నేను ఒప్పుకోలా. ఇప్పుడు నువ్వు లెక్క కట్టి చూపిస్తివి." కళ్ళద్దాలు తీసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా మైల వల్లనే ఆయప్పకు ఆ మూడు రోజులు అచ్చిరాకుండె. పాపం, ఎన్నేండ్లు ఓర్చుకున్యాడో. ఒక్కసారి కూడా నన్ను ఏమనలేదే."

లేచి నా గోడ మీదున్న మా నాయన ఫోటో దగ్గరికి పోయింది. రెండు చేతులూ జోడించి, తప్పైపోయింది క్షమించు అని ఆయనకు చెప్పింది. పైకి వినబడేటట్టే చెప్పింది. తర్వాత కాళ్ళు కడుక్కోవాలని పెరట్లోకి పోయింది.

నేను అరవలేదు. నా లెక్కలో తప్పు లేదు, తప్పు ఎక్కడుందో వెతకడానికి నాకు ఓపికా లేదు. క్యాలెండర్లు నేలమీద అట్లనే పడున్నాయి. పక్కన పళ్ళెం, పళ్ళెం పక్కన అమ్మ చూడకుండానే ఏరి పడేసిన విత్తనాలు. పైకి అన్నీ పళ్ళెంలో వాటిలాగే నున్నగా, ఎర్రగా ఉన్నాయి. ఒకటి తీసి పంటికింద పెట్టినాను. చేదు. ఇంకోటి పెట్టినాను. అట్లా మొత్తం పదకొండు. పదకొండూ చేదే.